గాలి తగ్గని ఒడ్డు నుంచి నాయనమ్మకు

ముయినే, వియత్నాం

నాయనమ్మకు తనూజ నమస్కారాలు. ఫోన్లో నీకు మాట సరిగ్గా వినపడదని కార్డు రాస్తున్నాను. నేను క్షేమంగానే ఉన్నాను, నాన్న ఏం చెప్పినా కంగారుపడకు.

ఇక్కడ తెరచాప బిగించిన పలక మీద నిలబడి సముద్రంలో తిరగడం నేర్పుతారు. ఆఫీసువాళ్లతో పాటు నేనూ దిగాను. నిన్న గాలి ఒక్కసారిగా విసిరికొట్టింది. నీళ్లలో పడి తేరుకునేసరికి ఒడ్డు చాలా దూరమైపోయింది. పలక వదిలేసి ఈదేద్దామనిపించింది. అప్పుడే, దివిసీమ ఉప్పెనలో ఒళ్లంతా ముళ్లు దిగినా నువ్వు తుమ్మచెట్టును వదల్లేదన్న సంగతి గుర్తొచ్చింది. పలకను రెండు చేతులా వాటేసుకుని ఉండిపోయాను. చివరికి నేర్పే ఆవిడ పడవలో వచ్చి నన్ను పైకి లాగింది. "పలక వదిలేసుంటే ఈ అలల్లో నువ్వు మాకు కనపడేదానివి కాదు" అంది.

ఇవాళా గాలి తగ్గలేదు. గదిలో కూర్చోలేను, ఒడ్డుకు వెళ్తే నిలబడలేను. పొద్దున్నించీ అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను.

నీ కంటిచుక్కల మందు అయిపోయిందా? ఎండవేళ అద్దకం షెడ్డులోకి వెళ్లకు, రంగులు నాన్న చూసుకుంటాడు. పెడన నుంచి అత్త వస్తే నా చీర ఇచ్చెయ్యమను.

ఒకటి అడుగుతాను. ఆ రోజు చెట్టు దిగాక నువ్వు మొదట ఎవరితో మాట్లాడావు? నువ్వెప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. నిన్నటి నుంచి నాకు ఎవరితోనూ మాట్లాడాలని లేదు, నీతో తప్ప.

అమ్మకూ నాన్నకూ నమస్కారాలు.

నీ తనూజ