జాడీ అడుగున ఉప్పు

ఆదివారం, రాత్రి.

ఈరోజు ప్రార్థన మందిరంలో అందరి ఎదుటా నా ప్రసంగం నవ్వులపాలైంది.

పోయిన ఆదివారం గాజు జాడీ అడుగున ఉప్పు పోసి, పైన మెల్లగా నీళ్లు నింపి, బల్ల మీద పెట్టి గర్జించాను. "ఎవరూ కలపనక్కర్లేదు! వారానికి ఉప్పు తానే పైకెక్కుతుంది. దేవుని వాక్యమూ అంతే, నేను ఇల్లిల్లూ తిరగకపోయినా ఊళ్లకు పాకుతుంది!" ఇంట్లో చూసుకునే చెప్పాను. గ్లాసులో రెండు వేళ్ల ఎత్తు నీళ్లు ఒక్క రోజులో పైదాకా ఉప్పనయ్యాయి. జాడీలో నీళ్ల ఎత్తు అంతకు ఆరింతలు కాబట్టి ఆరు రోజులు చాలనుకున్నాను.

ఈ పొద్దు ముసలి కాంతమ్మ చెంచాతో పైనీళ్లు తీసి రుచి చూసింది. "చప్పగా ఉండాయన్నా. ఇంకో గంట ప్రసంగం చేసినా ఎక్కేట్టు లేదు!" అందరూ ఒకటే నవ్వు.

తర్వాత సైన్సు టీచరు సుజాత దగ్గరికొచ్చి, నా గ్లాసు లెక్క విని, మెల్లగా చెప్పింది. "ఎత్తు రెండింతలైతే కాలం నాలుగింతలన్నా. ఆరింతలకి ముప్పై ఆరు రోజులు. గరిటెతో తిప్పితే నిమిషం."

దొరవారిసత్రం ఊళ్లో మంచం పట్టిన మరియమ్మ, వచ్చి ప్రార్థన చేయమని మూడుసార్లు కబురు పెట్టింది. మోకాళ్ల నొప్పని పోలేదు. నిజానికి ఆ ప్రసంగమంతా అల్లుకున్నది అందుకే.

ఉప్పును గురించిన వాక్యం దగ్గర బైబిలు ఒళ్లో తెరిచే ఉంది. చదవబుద్ధి కావడం లేదు. మరియమ్మకు ముప్పై ఆరు రోజులు ఉన్నాయా?

మోకాళ్లకు నూనె రాసుకున్నాను. పొద్దున మొదటి బస్సుకు లేవాలి, లేవగలిగితే...