మూడో గుండీ

నవంబరు 2, ఆదివారం

హేమ కామెడీ ప్రోగ్రాం కొత్త ఎపిసోడు ఫోనులో చూశాను. ఇరవై రెండు నిమిషాలు. తొమ్మిది తప్పులు. నోటుబుక్కులో వరసగా వేశాను. నౌపడలో వానాకాలం ఉప్పు కుప్పలు పోస్తారట. ఏడు తీగల బొబ్బిలి వీణకు ఆరేనట! మనవరాలు పదిమందిని నవ్విస్తోందంటే సంతోషమే. తప్పులు చెప్పి నవ్వించడం ఎందుకు...

చివర్లో నా మీద జోకు.

"మా నానమ్మ జన్మలో లేటుగా లేచింది ఒక్కరోజే. ఆ రోజే మా తాత గప్‌చుప్‌గా సముద్రానికి ఎలిపోనాడు. తిరిగొస్తే సెప్పకుండా ఎందుకెళ్లావని క్లాసు పీకుతాదని, ఇంక రానేలేదు."

హాలంతా నవ్వు. ఫోను బోర్లా పెట్టాను.

అది పదో తప్పు. బుక్కులో వేయలేదు.

నవంబరు 4, మంగళవారం

భోజనాల దగ్గర హేమ కామెంట్లు పైకి చదివింది. తప్పులు పట్టినవాళ్లకి శనివారం కెమెరా ముందు జవాబు చెబుతుంది. అదే ఆ ప్రోగ్రాంలో అందరికీ ఇష్టమైన భాగం.

ఉప్పు గురించి ఒకాయన — "వానల్లో ఉప్పు పోస్తే ఏటి మిగుల్తాది తల్లీ, నీ బుర్రా?"

"ఈయనకి జవాబు రెడీ నానమ్మా. మావా, కరిగిన ఉప్పంతా నీ కామెంట్లోనే ఉన్నాది!"

బాగానే నవ్వాను. తర్వాత ఇంకొకటి చదివింది.

"ఇది సూడు. అప్పన్నట. మన పాత ఊరోడే." గొంతు మార్చి, ముసలివాడిలా చదివింది. "నువ్వు సెప్పింది తప్పు తల్లీ. మీ తాత సూరయ్య గప్‌చుప్‌గా రాలేదు. ఆ పొద్దు ఆన్ని ఎవలో ఎనకనించి పిలిసినారు. ఎనక్కెళ్లి మల్లీ వచ్చినాడు. నేను ఆ తెప్ప మీదే ఉన్నాను."

చారు వడ్డిస్తున్నాను. గరిటె చేతిలోనే ఉంది.

"నిజమేటి నానమ్మా?"

"నేను నిద్రపోతున్నానని చెప్పాను కదా."

ముప్పై ఏళ్లుగా చెబుతున్న మాటే. ఒక్క అక్షరం తేడా లేకుండా.

నవంబరు 5, బుధవారం

వంటింట్లో ఉండగా "ఆగు" అని వినిపించింది. నా గొంతే. కుళాయి శబ్దమేమోనని కట్టేశాను. మళ్లీ వినిపించింది.

నవంబరు 6, గురువారం

అన్నం సయించలేదు.

నవంబరు 9, ఆదివారం

చూశాను. ఈ వారం ఎపిసోడులో నాలుగు తప్పులే. లెక్క తగ్గింది కానీ...

"అప్పన్న తాతా, మా తాతని ఎనకనించి పిలిసే దమ్ము ఎవలికుంది? ఉన్న ఒక్క మనిషీ ఇంట్లో గుర్రు పెడతంది. నువ్వు ఆ పొద్దు తెప్ప మీద ఉన్నావో, సారా కొట్టు కాడ ఉన్నావో ఓపాలి గుర్తుసేసుకో!"

చప్పట్లు. ఈలలు.

ఆ తెప్ప మీద నలుగురు వెళ్లారు. ఇద్దరు ఈదుకుంటూ ఒడ్డుకు వచ్చారు. అప్పన్న ఆ ఇద్దరిలో ఒకడు. సాయంత్రం మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు, బట్టల్లోంచి నీళ్లు కారుతూ. ఆ మనిషి తాగడు. అప్పుడూ తాగలేదు.

నవంబరు 11, మంగళవారం

కామెంట్లు నేనే తెరిచి చదివాను. "తాగుబోతు తాత". "తాతకి ఇంకో గ్లాసు పొయ్యండి". కింద వరసగా నవ్వే బొమ్మలు. లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో మానేశాను.

అన్నిటికీ అడుగున అప్పన్న జవాబు.

"సరే తల్లీ. ముసిలోన్ని. మతి తప్పిందేమో. మాస్టరమ్మని అడిగినానని సెప్పు."

మాస్టరమ్మ అంటే నేనే, ఊరి బడిలో పాఠాలు చెప్పినదాన్ని. అంతే. ఇంకేమీ లేదు. అతనికి తెలుసు. తెలిసీ పిలిచింది ఎవరో చెప్పలేదు.

నవంబరు 13, గురువారం

ఇక్కడైనా సరిగ్గా రాయాలి.

ఆ పొద్దున నేను నిద్రపోలేదు. తెల్లారుతోంది. అరుగు మీద కూర్చుని ఆ రోజు పాఠం రాసుకుంటున్నాను. ఆయన నా పక్కనుంచే మెట్లు దిగారు. వలలు ఆరేసే ఇసుక దిబ్బ దాకా వెళ్లిపోయారు. చలికని చొక్కా వేసుకున్నారు. మూడో గుండీ నాలుగో కాజాలో పెట్టారు. వెనకనుంచి చూసినా చొక్కా ఒక పక్కకు లాగేసినట్టు కనిపిస్తోంది. తప్పు కనిపిస్తే ఊరుకోలేను.

"ఇదిగో, ఆగు."

సముద్రానికి వెళ్లే మనిషిని వెనక నుంచి పిలవకూడదు. పిలిస్తే ఆ మనిషి తిరిగి వచ్చి, కూర్చుని, నీళ్లు తాగి, కాసేపు ఆగి వెళ్లాలి. నేను పుట్టినప్పటినుంచీ విన్నదే. మా నాన్నా సముద్రం మీద చేపల వేటకు వెళ్లినవాడే.

ఆయన వచ్చారు. గుండీ విప్పి సరిగ్గా పెట్టాను.

"పిలిసేసినావు కదే. కూకుని నీల్లు తాగెల్తాను."

"ఆరో తరగతి పిల్లలు కూడా నమ్మరు. వెళ్లండి."

నవ్వారు. "మాస్టరమ్మతో పడగలమా..." అంటూ దిబ్బ దాటారు.

గాలి తిరగబడి తెప్ప బోల్తా పడింది. గుండీ వల్ల కాదు. ఇలాంటివన్నీ మూఢనమ్మకాలని ముప్పై ఏళ్లు బడిలో పిల్లలకు చెప్పాను, ఇప్పుడూ అదే చెబుతాను. కానీ కూర్చుని నీళ్లు తాగి ఉంటే తెప్ప ఆయన కోసం ఆగేది కాదు. వెళ్లిపోయేది. ఆయన ఒడ్డున ఉండిపోయేవారు. ఇది నమ్మకం కాదు. లెక్క. ఎన్నిసార్లు చేసినా ఇదే వస్తుంది.

మూడో రోజు ఒడ్డుకు కొట్టుకొచ్చారు. గుండీలన్నీ సరిగ్గా ఉన్నాయి.

నవంబరు 14, శుక్రవారం

హేమ ఎగిరి గంతేస్తూ వచ్చింది. "అప్పన్న తాత నెంబరు దొరికేసింది నానమ్మా! ఆల కోడలే ఇచ్చినాది. రేపు హాల్లోంచి ఫోన్ సేసి స్పీకర్లో పెడతాను. జనం పడి పడి నవ్వుతారు."

"వద్దు."

"ఏటి?"

"పెద్దవాడు."

"తప్పు సెప్పినోళ్లని వదలకూడదని నువ్వే కదేటి అంటావు!"

నోరు తెరిచాను... "ఆ రోజు నేను" దాకా వచ్చింది. పొయ్యి మీద పాలు ఉన్నాయని లోపలికి వచ్చేశాను. పాలు లేవు.

మధ్యాహ్నం తలుపు వేసుకుని కాగితం మీద రాశాను. తొమ్మిది వాక్యాలు. కొట్టివేతలు లేకుండా రెండోసారి రాశాను. "అప్పన్న చెప్పింది నిజం. పిలిచింది నేను" అని మొదలు. కింద సంతకం. హేమ చదువుకున్నా సరే, హాల్లో అందరి ముందూ చదివినా సరే.

దాని బ్యాగులో పెడదామనుకున్నాను. దొంగతనంగా పెట్టడమా? చేతికి ఇవ్వాలి. పొద్దున్నే ఇస్తాను.

నవంబరు 15, శనివారం

ఇవ్వలేదు. ఉప్మా తింది, నవ్వుతూనే ఉంది, అప్పన్నని ఎలా పలకరించాలో నాకే చేసి చూపించింది. కాగితం చీర కుచ్చిళ్లలో దోపుకుని నిలబడ్డాను. "ఎల్లొస్తాను" అంది. చెప్పులు వేసుకుంది. తల ఊపాను.

గుమ్మం దాటింది. మెట్లు దిగింది.

వెనక మెడ దగ్గర కుర్తా లేబులు బయటికి వచ్చి ఉంది. కిటికీలోంచి కనిపిస్తోంది.

కిందనుంచి శబ్దం... స్కూటీ స్టార్టు కావడం లేదు. కిక్కు కొడుతోంది.

పిలిస్తే వినిపించేంత దూరమే.

బిందెలోంచి గ్లాసు నిండా నీళ్లు ముంచి గుమ్మం పక్కన పెట్టాను. ఈసారి కూర్చుని తాగే వెళ్లాలని కుర్చీ కూడా జరిపాను. కాగితం చేతిలో ఉంది.

మళ్లీ కిక్కు —