కనుమ మీద రెండో రాయి

క్రెసెంజ్ వదినకు,

నీ తమ్ముడు ఆల్బాన్‌ను మీ ఊళ్లో మట్టిచేశాక, పోయినవారం తనూ నేనూ కలిసి వచ్చిన కొండదారినే ఒక్కదాన్నే నడిచి పొద్దుగూకేసరికి ఇల్లు చేరాను. కాళ్ల నొప్పి కూడా తెలియలేదు.

కనుమ మీద శిలువ దగ్గర, దాటేవాళ్లమందరం ఒక్కో రాయి పెడతాం కదా. అలవాటుగా రెండు పెట్టాను. గొర్రెల కాపరి మోరిట్స్ చూసి నవ్వాడు.

"రెండోది బావదా అక్కా? ఏడీ మనిషి? మళ్లీ ఎక్కడో చతికిలబడ్డాడా?"

"వెనకాల వస్తున్నాడు," అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"రానీలే, కాఫీ పొయ్యి మీదే ఉంచుతా."

ఆదివారం ఇక్కడి చర్చిలో ఆల్బాన్ కోసం చేసే ప్రార్థనకు కనుమ మీదుగానే వస్తావుగా. మోరిట్స్‌కు నువ్వే చెప్పు. రాయి మాత్రం తీయనివ్వకు.

ఇది రాస్తుంటే కిటికీలోంచి కనుమ కనిపిస్తోంది. ఆల్బాన్‌కు దారి తెలియడానికి మోరిట్స్ లాంతరు బయట వేలాడదీశాడు.

నీ మరదలు