కొండ పీత ఇంటిపేరు

నర్సీపట్నం

ప్రియమైన సత్యశ్రీ అక్కకి,
తమ్ముడు వాసు, బీఎస్సీ జువాలజీ, ప్రస్తుతానికి ఖాళీ, సవినయంగా రాసేది. ఘాట్ రోడ్డు కింద గెడ్డ నీళ్లలో రాళ్లన్నీ తిరగేసి నీకు మగపీతను పట్టాను. ముందుకాళ్లు ముదురు నీలం. ముందు అదే నా వేలు పట్టుకుంది, కానీ శాస్త్రానికి ఆ వివరం అనవసరం. ఆడపీతలతో జాతి తేలదనీ, మగది దొరక్కపోతే థీసిస్‌లో కొత్త జాతి అధ్యాయం గైడు తీసేయమంటున్నారనీ ఇక బెంగపడకు. ప్రస్తుతం బక్కెట్‌లో ఉంది.
నీ ఏజెన్సీ ప్రతినిధి,
వాసు

కోల్‌కతా

ఒరే వాసూ,
బక్కెట్‌లో ఎందుకురా? వెంటనే స్పిరిట్‌లో వెయ్యి. అది కూర పీత కాదని మీ అమ్మకి, మంగ పిన్నికి, నోటితో చెప్పు.
అక్క

నర్సీపట్నం

పూజ్యురాలైన అక్కకి,
ఫోన్ చేస్తే తిట్లు అప్పుడే అందుతాయి. ఉత్తరమైతే కాస్త గడువుంటుంది. నీ హెచ్చరిక చేరేలోపే పీత కాలం చేసింది. బక్కెట్ మీద ఇంగ్లిషులో ‘స్పెసిమెన్’ అని అంటించి స్పిరిట్ కోసం వెళ్లాను. అమ్మకి ఇంగ్లిషు రాదు. ఆదివారం కదా, కూరకే తెచ్చాననుకుని రెండు వంకాయలు వేసి పులుసు పెట్టేసింది. తెలియక నేనూ రెండు కాళ్లు తిన్నాను. తర్వాత అడిగితే, "బతికున్న పీతని బక్కెట్లో ఎడితే పూజకనుకుంటానేట్రా?" అంది. వానలకు గెడ్డ పొంగింది, ఇప్పట్లో ఇంకోటి దొరకదు. పులుసు బాగుంది.
నేరస్థుడు,
వాసు

కోల్‌కతా

వాసూ,
‘ప్రియమైన’ కావాలనే రాయలేదు. ముందు ఏడ్చాను. తర్వాత పిన్ని పీతను బాగుచేసే పద్ధతి గుర్తొచ్చింది. పొట్ట కింద మడతపడి ఉండే రేకును ఊడదీసి పారేస్తుంది కదా. జాతిని తేల్చేవి ఆ రేకు లోపలుండే రెండు చిన్న పుల్లల్లాంటి భాగాలే. నువ్వు తిన్న కాళ్లతో పెద్దగా పనిలేదు. చెత్త ఎక్కడ వేసిందో అడిగి బేగి వెతుకు.
సత్యశ్రీ

నర్సీపట్నం

అక్కా,
కరివేపాకు చెట్టు మొదట్లో దొరికింది. మాంసం చీమలు తినేశాయి, నీ పుల్లలు రెండూ భద్రం. సీసాలో పంపిస్తున్నాను. అమ్మ సరిగా అన్నం తినడం లేదు. "అది పనికిరాపోతే పిల్ల సదువు నేనే వొండేసినట్టు కదేట్రా" అంటోంది. బేగి జవాబు రాయి.
వాసు

కోల్‌కతా

ప్రియమైన తమ్ముడికి,
పిన్నిని అన్నం తినమను. ఆ పుల్లల చివరున్నలాంటి వంపు ఇప్పటిదాకా తెలిసిన ఏ పీతకీ లేదు. కొత్త జాతే. గైడు చూశారు, అధ్యాయం ఉంటుంది. మ్యూజియానికి వానలు తగ్గాక నిండు పీతను పట్టివ్వాలి. శాస్త్రంలో కూడా మనలాగే ముందు ఇంటిపేరు, తర్వాత పేరు. దీని ఇంటిపేరు పాతదే. పేరు మాత్రం పిన్నిది పెడుతున్నాను.
నీ అక్క

నర్సీపట్నం

మహాశాస్త్రవేత్త అక్కకి,
ఉత్తరం చదివి వినిపించాను. అమ్మ రెండుసార్లు చదివించుకుని, వీధిలో అందరికీ చెప్పి వచ్చింది. వచ్చాక నన్ను ఎగాదిగా చూసి, "నా పేరున్నదాన్ని ఎలా తిన్నావురా?" అంది.
ఇట్లు, పీత మంగగారి కుమారుడు,
వాసు