జర్మనీలో మలీద వాయినం

వదినా,

నువ్వు లేని రెండో బతుకమ్మ ఇది. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. నువ్వు చదవవని తెలుసు, అయినా నా మాట నేను చెప్పాలి.

మనవరాలు మౌనికను చదువుకు జర్మనీ పంపుతానంటే, కామారెడ్డిలో మా వాకిట్లో నిలబడి ఏమన్నావు? "ఆడపిల్లను గంత దూరం తోలుతవా? సద్దుల నాడు వాయినం ఎవలకిస్తది, గోడకా?" అన్నావు. నేను వినలేదు, పంపాను.

ఇప్పుడు నువ్వు విను. మొన్న సద్దుల బతుకమ్మకు దాని స్నేహితురాలు రజిత, మీ ఎల్లారెడ్డి పిల్లే, జర్మనీలోనే ఇంకో ఊరి నుంచి రైలెక్కి వచ్చింది. తంగేడు దొరకక చామంతులతోనే బతుకమ్మను పేర్చారు. హాస్టల్ వంటగదిలో రొట్టె, బెల్లం నలిపి మలీద ముద్దలు చేశారు. అంతా నాకు వీడియోలో చూపించారు. పక్కగదుల పిల్లలు కూడా వచ్చి, చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగారు. మౌనిక రజితకు మొదటి వాయినం ఇచ్చిందో లేదో, ఆ పిల్లలందరూ చేతులు చాపారు.

"అవ్వా, మలీద ఒడిసింది! నాకే లేదు!" అంది మౌనిక.

"ఇంటిదానివి నువ్వే గదనే! మల్ల చెయ్యి!" అని అరిచాను.

మూతి ముడవడానికి నువ్వు లేవు వదినా. అయినా గెలిచింది నేనే.