బాయిలర్ పక్కన పిండి డబ్బాలు

ప్లెయిన్స్‌బరో,
ఆదివారం

అక్కయ్యకు,

నీ తమ్ముడు సత్యం నమస్కరించి రాసేది. కాకినాడలో మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాలు ఎలా ఉంది? మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నావా? బావ బీపీ మాత్ర సరిగ్గా వేసుకుంటున్నాడా, లేక ఏ మాత్ర రాయాలో డాక్టరుకే నేర్పుతున్నాడా? నేను బాగానే ఉన్నాను. నిజంగానే బాగున్నాను, నీ మీదొట్టు.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటంటావేమో. ఫోన్ చేస్తే నువ్వు "తిన్నావురా?" అనేలోపు బావ లాక్కుంటాడు. ఉత్తరం లాక్కున్నా చదవాలంటే ముందు కళ్ళజోడు వెతుక్కోవాలి. ఈలోగా నువ్వు చదివేయి.

ఈ ఏడు మంచు మమ్మల్ని వదలడం లేదు. వాకిట్లోంచి పక్కకు తోసిన మంచు నల్లబడి, గట్టిపడి, బొగ్గు కుప్పలా పడి ఉంది. మా బేస్‌మెంట్‌లో బాయిలర్ నీకు గుర్తుండే ఉంటుంది. నీళ్ళు కాచి, గొట్టాల గుండా గదిగదికీ పంపి ఇల్లు వెచ్చగా ఉంచే ఇనుప పెట్టె, బీరువా అంత. మీరు వచ్చిన చలికాలం అది ఒక్క పూట ఆగింది. ఒక్క పూట! బావ తిరిగి వెళ్ళి, "సత్యం ఇంట్లో శాలువా కప్పుకుని స్నానం చేశాం" అని పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో అందరికీ చెప్పాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. ఆ పూట ఇంట్లోని దుప్పట్లన్నీ తన మీదికే లాక్కుని గురక పెట్టినదెవరో కూడా మరిచిపోలేదు.

ఆ బాయిలర్‌ను మార్చాలా వద్దా అన్నదే ఈ చలికాలమంతా నా గొడవ. అల్ఫారెట్టా నుంచి మా స్వాతి ఫోన్ చేసినప్పుడల్లా అదే పాట. "నాన్నా, అది నాకంటే పెద్దది. రీప్లేస్ చేయించు. లేదా ఇల్లు సేల్‌కి పెట్టేసి మా దగ్గరికి వచ్చెయ్యి." పక్క వీధి మూర్తి సరేసరి. నా దగ్గర తీసుకున్న పుస్తకాలు తిరిగివ్వడు గాని, అడగని సలహా మాత్రం ఇంటికి తెచ్చి ఇస్తాడు.

నేను ఊరుకుంటానా? లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చాను, కంపెనీల కాగితాలన్నీ తెప్పించి చదివాను. చివరికి తేలిందేమిటంటే, పాత బాయిలర్ తను పుట్టించిన వేడిలో చాలాభాగం పొగగొట్టానికీ, తానున్న గదికీ ధారపోస్తుంది. కొత్తవి అలా కాదు. వేడినంతా ఒడిసిపట్టి నీళ్ళకే ఇస్తాయి. పైన చెయ్యి పెడితే చల్లగా ఉంటాయి.

చిక్కు అక్కడే వచ్చింది. వృథాగా పోయే ఆ వేడిలోనే మా కమల ఇడ్లీపిండి పులియబెట్టేది. మామూలుగా ఈ చలిలో పిండి రెండు రోజులైనా పొంగదు, అక్కడ పెడితే తెల్లారేసరికి పొంగేది. అది చూసి దగ్గరి అపార్ట్‌మెంట్లలో ఉండి ఉద్యోగాలు చేసుకునే మన తెలుగు పిల్లలు కూడా శుక్రవారం సాయంత్రం డబ్బాలు తెచ్చి బాయిలర్ పక్కన పెట్టి, శనివారం పొద్దున్న తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. కమల పోయాక మానేస్తారనుకున్నాను. మానలేదు. తడి బూట్లతో వస్తారు, నా చదువు చెడగొడతారు, టీ తాగుతారు, ఆఫీసు గోల చెబుతారు. పుస్తకం చేతికిస్తే అట్ట చూసి ఇచ్చేస్తారు. నేను వాళ్ళనీ, వాళ్ళ మేనేజర్లనీ తిడుతూనే ఉంటాను. అయినా శుక్రవారం మధ్యాహ్నం నుంచే వీధి తలుపు వైపు చూస్తూ ఉంటాను. ఈ మాట మాత్రం బావకు చదివి వినిపించకు.

సంక్రాంతి వెళ్ళాక బాయిలర్ కింద తుప్పు నీళ్ళు కనబడితే మెకానిక్‌ను పిలిచాను. అతను ముందు అక్కడున్న నా పిండి డబ్బా మూత ఎత్తి చూశాడు. "నీళ్ళు కారకుండా సిమెంటు కలుపుకున్నారా?" అన్నాడు.

"అది రేపటి టిఫిన్" అన్నాను.

మూత జాగ్రత్తగా పెట్టేసి, పొగగొట్టం చూపించాడు. తుప్పు తినేసి రేకు పలచబడింది. అది చిల్లుపడితే వాసనైనా లేని విషవాయువు గదిలో చేరుతుందట. "ఇప్పటికైతే లీకు లేదు. ఎన్నాళ్ళు ఆగుతుందో చెప్పలేను. కొత్తది పెట్టుకుంటే ఇరవయ్యేళ్ళు నిశ్చింత."

"అన్నేళ్ళ నిశ్చింత నాకెందుకయ్యా?" అన్నాను. నవ్వాలో వద్దో తెలియక, ఆ వాయువు చేరితే మోగే హెచ్చరిక గంట ఒకటి గోడకు తగిలించి వెళ్ళిపోయాడు.

మార్చకపోతే ప్రమాదం. మారిస్తే డబ్బాలు రావు. డబ్బాలు రాకపోతే ఈ ఇంట్లో నేనెందుకు, స్వాతి చెప్పినట్టు అమ్మేస్తే సరిపోతుంది కదా? తర్వాత వచ్చిన శుక్రవారం దాకా అదే ఆలోచన. ఆ సాయంత్రం మానస వచ్చింది. వరంగల్ అమ్మాయి, మందుల కంపెనీలో ఉద్యోగం, ఎప్పుడూ వీసా బెంగ. డబ్బా పెట్టి, బాయిలర్‌కు వీపు ఆనించి కూర్చుని, వాళ్ళమ్మతో ఫోన్లో నవ్వుతూ మాట్లాడుతోంది. ఆ తుప్పు గొట్టం సరిగ్గా ఆ పిల్ల తల మీద ఉంది, అక్కయ్యా. ఇక నేను ఆలోచించడానికేమీ మిగల్లేదు.

"ముందు లేచి పైకి రా" అని కసిరాను. ఆమె పైకి వచ్చాక చెప్పాను, "బాయిలర్ మార్పించేస్తున్నాను. కొత్తదాని దగ్గర పిండి పులియదు. ఇక డబ్బాలు తేకండి."

"అయితే ఏంది అంకుల్? మా ఓవెన్‌ల లైటేసి పెడితే మంచిగనే పులుస్తది."

"మరి ఇన్నాళ్ళూ ఈ మంచులో ఎందుకు మోసుకొచ్చావు?"

"ఆంటీ ఉన్నప్పుడు ఆంటీ కోసం. ఇప్పుడు మీరు మా మేనేజర్‌ని తిడుతరు కదా, అది ఇనడానికి. ఎంతైనా మస్తు బుక్స్ చదివిండ్రు. అట్ల తిట్టుడు మాకు రాదు."

"అంటే అందరూ కలిసి నన్ను మోసం చేశారన్నమాట!" అన్నాను. కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది. టీ మాత్రం పెట్టి ఇచ్చాను.

పోయిన వారం పాతదాన్ని ముక్కలు చేసి మోసుకుపోయారు. కొత్తది గోడకు వేలాడే చిన్న పెట్టె. చప్పుడే లేదు. ఇల్లంతా వెచ్చగా ఉంది. ఈ వాక్యం మాత్రం బావకు గట్టిగా చదువు. ఇల్లు అమ్మేది లేదని స్వాతికి కూడా చెప్పేశాను. "సరే నాన్నా" అంది.

మొన్న శుక్రవారం మానస మళ్ళీ డబ్బా తెచ్చింది. పాత బాయిలర్ ఉన్నచోట నేల మీద మిగిలిన తుప్పు మరకలో పెట్టింది.

"పులియదని చెప్పానా?"

"తెల్సు అంకుల్."

పొద్దున్నకు పిండి పెట్టింది పెట్టినట్టే ఉంది. ఇడ్లీలు బిళ్ళల్లా వచ్చాయి. ఆమె, ఆమె స్నేహితులు ఇద్దరు, మా వంటింట్లోనే కూర్చుని, నేను తిడుతూ ఉండగా ఒక్కటీ మిగల్చకుండా తిన్నారు.

అందుకని ఈసారి నీ చేతి కందిపొడి కాస్త ఎక్కువ పంపు. మినప్పప్పు పంపకు, ఇక్కడ దొరుకుతుంది. మోకాలికి నూనె రాసుకోవడం మానకు. నా గురించి దిగులు పెట్టుకోకు, నేను బాగానే ఉన్నాను. నీ పాదాలకు నమస్కారం, చల్లగా ఉండమని దీవించు. పిల్లలకు నా ఆశీస్సులు. బావకూ నమస్కారమే, వయసులో పెద్దవాడు కనక.

వచ్చే చలికాలం ఆయన్ని వెంటబెట్టుకుని రా. శాలువా తేవద్దని చెప్పు.

నీ తమ్ముడు,
సత్యం