అమ్మ సముద్ర స్నానానికి వస్తోంది

దేశనూరు

తమ్ముడు వెంకటప్పయ్యను దీవించి అన్న రాయునది. కోతలయ్యాయి, పిల్లలు బాగున్నారు.

ఉప్పెనలో నాన్నను మింగిన ఆ సముద్రానికే మాఘ పౌర్ణమి స్నానానికి వస్తానని అమ్మ పట్టుబట్టింది. మా పొలంలో పనిచేసే హనుమమ్మ, "యాడికి పోతావమ్మా? ఆ సముద్రం నీకింకేం మిగిల్చిండాది?" అంది. "ఏటా ఆయనతో అక్కడే మునిగాను. శవాన్నెటూ చూడలేదు, ఆ నీళ్ళన్నా చూడనీ" అంది అమ్మ.

ఒడ్డుదాకా బండి దారి బాగైందా? బావి నీళ్ళల్లో ఉప్పు తగ్గిందా? వెంటనే రాయి. శవం దొరకలేదుగా, దర్భబొమ్మతో కర్మ జరిపించడానికి పురోహితుణ్ణి మాట్లాడి ఉంచు.

మరదలికి దీవెనలు. అమ్మ ఇంకా బొట్టుతోనే బండి దిగుతుందని ఆమెకు ముందే చెప్పు, చూసి ఏడవొద్దను. సముద్రంలో మునిగి తనే తుడుచుకుంటుందట.

నీ అన్న
వెంకటరత్నం